తిట్టుకుంటూ చూసినా టిక్కెట్టే!

బొమ్మ బాగోలేకపోతే మనం ఏం చేస్తాం? ఇంటర్వెల్‌లోనే బయటికొచ్చి, స్టాండులో బండి తీసుకుంటూనే పదిమందికి చెప్పేస్తాం – "వెళ్ళకురా బాబూ!" అని. రెండో వారానికల్లా ఆ బొమ్మ హాల్లో ఉండదు. ఎంత పెద్ద హీరో అయినా మన తీర్పుకి తల వంచాల్సిందే. ఈ విద్య తెలుగు ప్రేక్షకుడికి ఒకరు నేర్పక్కర్లేదు.

మరి టీవీలో వార్తల దగ్గరికొచ్చేసరికి ఈ తెలివంతా ఎటు పోతోంది?

శ్రీదేవి పోయినప్పటి సంగతే తీసుకోండి. 2018 ఫిబ్రవరి 24 రాత్రి దుబాయ్ హోటల్లో ఆమె కన్ను మూసింది. ప్రమాదవశాత్తూ బాత్‌టబ్‌లో మునిగిపోయిందని తేల్చి, 27న అక్కడి ప్రాసిక్యూషన్ వారు కేసు మూసేశారు. ఈలోగా మన చానళ్ళ నిర్వాకం చూడాలి! తెరనిండా బాత్‌టబ్ బొమ్మలు! ఒక తెలుగు విలేఖరి అయితే ఏకంగా టబ్బులో పడుకునే చూపించాడు. "వేటగాడు" (1979) నుంచి "జగదేకవీరుడు అతిలోకసుందరి" (1990) దాకా మనల్ని మురిపించిన మనిషికి దక్కిన వీడ్కోలు అదీ!

ఆ రోజుల్లోనే మా వీధి చివర టిఫిన్ హోటల్లో నేను కళ్ళారా చూసిన ముచ్చట ఒకటుంది. "ఛీ, సిగ్గులేదు వీళ్ళకి" అన్నాడొకాయన. "మరీ దిగజారిపోయారండీ" అన్నాడు ఎదుటాయన. ఇద్దరి దోసెలూ చల్లారిపోతున్నాయి, చూపు మాత్రం తెర వదల్లేదు. "చానల్ మార్చమంటారా సార్?" అని కుర్రాడు రిమోట్ తీశాడు. "ఉండవోయ్, ఏం చెబుతాడో చూద్దాం!" అన్నారిద్దరూ ఒక్కసారే!

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. టీఆర్పీ అంటే కొన్ని వేల ఇళ్ళలో పెట్టిన మీటర్లు చెప్పే లెక్క. 2020 నాటికి దేశం మొత్తమ్మీద అలాంటి ఇళ్ళు దాదాపు 44 వేలు. ఏ చానల్ ఎంతసేపు చూశారన్నదే మీటరు రాసుకుంటుంది. కన్నీళ్ళతో చూశారా, తిట్టుకుంటూ చూశారా అన్నది దానికి అనవసరం. "మా ఇంట్లో మీటరు లేదుగా" అంటారేమో! మీటరున్న ఇల్లూ మనలాంటివాళ్ళదే. పైగా చేతిలో ఫోనుందిగా. "చూడరా, ఎంత ఛండాలమో" అని స్నేహితుడికి పంపినా, చూసినవాళ్ళ లెక్క ఒకటి పెరిగినట్టే.

చానళ్ళది తప్పు కాదని నేననను. వడ్డించినవాడిది తప్పే. కానీ విస్తరి ముందు నుంచి లేవనిది ఎవరు? కాలవకి నీళ్ళు రాలేదనో, బడికి పంతులు లేడనో ఓ పావుగంట వార్త వేస్తే రిమోట్ కోసం వెతుక్కునేది ఎవరు? మనమే కదూ!

ఫ్లాపు చెయ్యడం మనకి రాని విద్యేం కాదు. మళ్ళీ ఏ తార ఇంటనో చావు జరిగి, కెమెరా గుమ్మం దాటి లోపలికి తొంగి చూసినప్పుడు, తిట్టడం తర్వాత. ముందు టీవీ కట్టెయ్యండి.