పన్నెండు గంటల డ్యూటీ

యంత్రాలతో ముప్పయ్యయిదేళ్ళు సహవాసం చేసినవారికి ఒక నమ్మకం స్థిరపడిపోతుంది. లోపం ఎక్కడుందో కనిపెడితే చాలు, దానిని సరిచేయవచ్చునన్నదే ఆ నమ్మకం. బాయిలరు గొట్టానికి చిల్లుపడితే యూనిట్‌ను ఆపి, చెడిన ముక్కను కోసి, కొత్త ముక్కను అతికి, మళ్ళీ వెలిగిస్తాము. పని అక్కడితో ముగుస్తుంది. ఎన్నటికీ ముగియని మరమ్మతు కూడా ఒకటుంటుందని నాకు నేర్పినది మా ఇంటి పిల్లి.

వాడి పేరు బొగ్గు. 2010 వర్షాకాలంలో కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు కన్వేయరు క్రింద తడిసి వణుకుతున్న పిల్లికూనను సహోద్యోగి ఒకరు టిఫిన్ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. రంగునుబట్టీ, దొరికిన చోటునుబట్టీ మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. అమ్మాయి చదువుకూ, ఆపైన ఉద్యోగానికీ దూరం వెళ్ళిపోయింది. బొగ్గు మాత్రం మా క్వార్టర్‌లోనే పెరుగన్నం తిని, గుమ్మడికాయలా బలిసి, ముసలివాడయ్యాడు.

2022 వేసవిలో వాడి నీళ్ళగిన్నె మాటిమాటికీ ఖాళీ కాసాగింది. ఆకలి తగ్గలేదు గాని ఒళ్ళు మాత్రం తీసిపోయింది. వెనుకకాళ్ళ మడమలు నేలకానించి నడవసాగాడు. వార్ధక్యమని నేను సరిపెట్టుకున్నాను. మా శ్రీమతి మాత్రం, “అత్తయ్యగారికీ ఇలాగే మొదలైందండీ, దాహంతో” అన్నది. పట్నంలోని పశువైద్యుడు పరీక్షలన్నీ చేసి ఆమె మాటే ఖాయపరిచారు. మధుమేహం! వయసు మళ్ళి, బరువెక్కిన పిల్లులకు, అందులోనూ సంతానం కలుగకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లులకు ఇది వచ్చే అవకాశం ఎక్కువట. నరాలు దెబ్బతినడంవల్లనే నడక అలా మారిందన్నారు. పన్నెండు గంటలకొకసారి, రోజుకు రెండుసార్లు, గ్లార్జిన్ ఇన్సులిన్ ఒక్కొక్క యూనిట్ ఇవ్వాలన్నారు.

అంతకంటె కష్టమైన మాట ఇంకొకటి చెప్పారు. పిల్లి స్వభావరీత్యా మాంసాహారి. అన్నమూ పాలూ మానిపించి, మాంసకృత్తులు ఎక్కువగానూ, పిండిపదార్థాలు చాలా తక్కువగానూ ఉన్న ఆహారం పెట్టాలి. మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. ఆ రాత్రి మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు పెరటి వసారాలో పాత స్టౌ ఒకటి, విడిగా రెండు గిన్నెలు కనిపించాయి. “ప్రేమకొద్దీ పన్నెండేళ్ళు వాడికి సరిపడని తిండి పెట్టాం. ఇప్పుడు మన మడి చూసుకుంటే ఎలా?” అన్నది. ఉప్పూ కారమూ లేకుండా కోడిమాంసం ఉడికించడం ఆమె తన యాభయ్యో ఏట నేర్చుకున్నది.

సూదిపని మాత్రం నావంతుకు వచ్చింది. కీళ్ళవాతంతో ఆమె వ్రేళ్ళు వంగడం లేదు. మా అమ్మగారు 2003 నుండి 2009 వరకు, కన్నుమూసేదాకా, ఇన్సులిన్‌మీదనే ఉన్నారు. ఆ ఆరేళ్ళలో ఒక్కనాడైనా నేను సూది పట్టలేదు. షిఫ్టులు, ఓవర్‌హాలింగులు, ట్రిప్పింగులు... నా కారణాలు నాకుండేవి.

మొదటిరోజు అలమరలో మిగిలిన సిరంజి ఒకటి తీయబోయాను. “అది అత్తయ్యగారి ఎర్రమూత సూదండీ! ఈ మందుకు నారింజరంగు మూతది కావాలి” అని మా శ్రీమతి వారించింది. ఎర్రమూతది మిల్లీలీటరుకు నలభై యూనిట్లుండే మందుకు. గ్లార్జిన్‌లో నూరు యూనిట్లుంటాయి. ఆ సిరంజిలో ఒక గీత తీసివుంటే వాడికి రెండున్నర యూనిట్లు ఎక్కివుండేవి. కొలమానాల గురించి ట్రైనీలకు పాఠాలు చెప్పే నేను ఆ పూట విద్యార్థినయ్యాను. మెడవెనుక వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా ఎత్తి సూది గుచ్చడం ఆమె నోటితో చెబుతుంటే, నేను చేతితో చేశాను.

చెవి అంచున చుక్క రక్తం తీసి గ్లూకోమీటరుతో చూడడమూ అలవాటైంది. అంకె దిగలేదని మోతాదు పెంచుదామని తొందరపడితే వైద్యుడు వారించారు. భయపడినా సరే పిల్లి రక్తంలో చక్కెర పెరుగుతుందట. ప్రతి అంకెకూ మోతాదు మార్చరాదు, కొన్నాళ్ళు ఓపికగా గమనించాలి అన్నారు. డ్రమ్ము నీటిమట్టం కొంచెం తగ్గగానే వాల్వు బార్లా తెరిచే కొత్త ఆపరేటరు నాకు గుర్తుకువచ్చాడు.

2023 జనవరిలో యూనిట్ ఓవర్‌హాలింగు జరుగుతున్నది. ఒక ఉదయం హడావిడిలో, వాడు తిన్నాడో లేదో చూడకుండానే సూది వేసి వెళ్ళిపోయాను. పదకొండు గంటలకు ఇంటినుండి ఫోను: “బొగ్గు తూలిపోతున్నాడు.” నేను చేరేసరికే ఆమె వాడి చిగుళ్ళకు తేనె రుద్ది, కాస్త తేరుకున్నాక తిండి తినిపించింది. వైద్యునికీ కబురు చేసింది. వాడు ఆమె ఒడిలో తలెత్తి నావైపు చూస్తున్నాడు.

“నీకింత ధైర్యం ఎక్కడిది?” అన్నాను.

“అత్తయ్యగారికి రెండుసార్లు అర్ధరాత్రి ఇలాగే అయిందండీ. మీరు నైట్ షిఫ్టులో ఉన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే యూనిట్ వదిలి రాగలరా? ఆవిడ తేరుకున్నారు. ప్రొద్దున మీరు అలసిపోయి వచ్చారు. పడుకోనిద్దామనుకున్నాను.”

ప్లాంటులో ఒక పంపు శబ్దం మారినా లాగ్‌బుక్కులో వ్రాయించే మనిషిని నేను. మా అమ్మగారి ప్రాణం రెండుసార్లు అంచుదాకా వెళ్ళివచ్చిన సంగతి పద్నాలుగేళ్ళ తర్వాత, ఒక పిల్లి కారణంగా తెలిసింది. ఆనాడు ఏమి చెప్పాలో నాకు తోచలేదు. ఆ సాయంత్రం నుండి మాత్రం ఒక నోటుపుస్తకం పెట్టాము. తిన్నది ఎంత, అంకె ఎంత, మందు ఎంత. తిన్నట్లు ఆమె టిక్కు పెట్టనిదే నేను మూత తీయను.

“పిల్లికి ఇన్సులినా?” అని నవ్వే మిత్రులున్నారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఈ మందును కుక్కలమీద ప్రయోగాలు చేసే సాధించారు. 1922 జనవరిలో ఒక బాలునికి మొదటిసారి ఇచ్చారు. మూగజీవుల ప్రాణాలు ఖర్చుపెట్టి సంపాదించిన మందును ఒక మూగజీవికి ఇవ్వడంలో వింత ఏముంది?

కొన్ని పిల్లులకు కాలక్రమాన ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుందట. మావాడికి ఆ అదృష్టం పట్టలేదు. వాడికిప్పుడు పదిహేనేళ్ళు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి డ్యూటీ. సెలవు లేదు, రిలీవరు లేడు. మా శ్రీమతి ఆరేళ్ళు చేసిన డ్యూటీ ఇదేనని ఇప్పుడు చేతులకు తెలుస్తున్నది.

మన కాలనీలో పెద్దవారున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. షిఫ్టుకు వెళ్ళే సోదరులను ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లో మందులపెట్టె ఎవరి చేతిలో ఉందో చూడండి. రాత్రి ఎలా గడిచిందని వారిని అడగండి. అడిగితేనే చెప్పేవాళ్ళు వాళ్ళు. నేను అడగలేదు.