నాలుగున్నర శృతి

అనంతపురం పల్లెల్లో పియానో ఉన్న ఇల్లు నేను చూడలేదు. దాని దూరపు చుట్టం మాత్రం భజన మందిరాల్లో ఏదో ఒక మూల దుప్పటి కప్పుకుని ఉంటుంది. పారిస్‌లో డెబెయిన్ 1842లో పేటెంటు పొందిన కాలితొక్కుడు హార్మోనియాన్ని, 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేత్తో తిత్తి ఊదే పెట్టెగా మార్చాడు. కరెంటు అక్కర్లేదు, ఎద్దులబండిలో పడుతుంది. కాబట్టి మాకు పియానో టీచరంటే హార్మోనియం మాస్టరే.

ఆయన పిల్లలకు సరళీస్వరాలు చెప్పే పంతులు కాడు, రైతులకు నాటకం నేర్పే మనిషి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాపు వాన పడే సీమ ఇది. చెనిక్కాయ ఇల్లు చేరితే మళ్ళీ తొలకరి దాకా మెట్ట రైతుకు చేతినిండా పని ఉండదు. పద్య నాటకం ఇక్కడ ఇంతగా నాటుకోవడానికి అదీ ఒక కారణమని నా లెక్క. వంశం కూడా ఉందనుకోండి. తెలుగు నాటకంలోకి పాటలు తెచ్చిన తొలితరం వారిలో ఒకరైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో పుట్టారు. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ తాడిపత్రిలో పుట్టి, పాటకన్నా నటనే ముఖ్యమన్నాడు. మాస్టర్లంతా మామ పక్షమే!

కురుక్షేత్రం ఆడాలంటే కృష్ణుడొక్కడు చాలడు. రాయబారానికి ఒకడు, యుద్ధానికి ఇంకొకడు. ఇద్దరి గొంతులూ ఒక శృతిలో ఉండవు. ఒకటి శృతిలో మోహన వాయిస్తే వేళ్ళు తెల్లమెట్లు దాటవు. అదే మోహన నాలుగున్నరలో అయితే ఐదు స్వరాలూ నల్లమెట్ల మీదే. ఒకటిన్నరకు వస్తే నాలుగు నల్లవి, ఒకటి తెల్లది. చెవికి ఒకే రాగం, వేళ్ళకు మూడు దారులు. పియానో నేర్చినవాళ్ళు ఏళ్ళ తరబడి చేసే ఈ సాధననే మాస్టరు వేషగాళ్ళ గొంతులు వెతుకుతూ చేస్తాడు. "గొంతు ఎక్కడ ఆడితే అక్కడే నీ శృతి అబ్బీ, పెట్టె నీ ఎనకాల వస్తాది" అంటాడు. కాయితం మీద స్వరం ఉండదు. చదువు రానివాడికి పాదం పాదంగా నోటితో పోస్తాడు.

పెట్టెకు ఒక లోటుంది. స్థాయికి పన్నెండు మెట్లే. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడం, ఊగడం దానివల్ల కాదు. గమకం పలకదన్న ఈ ఫిర్యాదుతోనే ఆలిండియా రేడియో 1940లో దాన్ని వెలివేసింది. 1971లో గానీ కొంత సడలించలేదు. ఫిర్యాదు నిజమే. కానీ నాటకాల మాస్టరు ఆ లోటుతోనే పాఠం చెబుతాడు. పెట్టె మీద గాంధారం పలికించి ఆగి, ఊపు నోటితో పాడి చూపిస్తాడు. శిష్యుడు పెట్టెను అనుకరిస్తే తిట్లే. వాద్యం చేయలేని పనిని ఆ వాద్యం దగ్గరే కూర్చోబెట్టి నేర్పడం నాకు ఇప్పటికీ వింతే.

కచేరీ రోజున పియానో టీచరు ప్రేక్షకుల్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటారు, శిష్యుడు ఒంటరిగా వేదికెక్కుతాడు. ఇక్కడ అలా కుదరదు. నాటకం రాత్రి మాస్టరు రంగం పక్కనే పెట్టెతో ఉంటాడు. అర్జునుడు పద్యం మర్చిపోతే ఎత్తుగడ మాట అందించాలి. దుర్యోధనుడు శృతి జారితే, ఊరికి తెలియకముందే వేళ్ళు అక్కడికి జారాలి. రాగం తీస్తూ ఊపిరి చాలకపోతే ఆ తోక పెట్టె పూర్తి చేయాలి. ఈలలూ వన్స్‌మోర్‌లూ కిరీటం పెట్టుకున్నవాడికి, తప్పుల లెక్క మాత్రం మాస్టరుకి. "ఎవరప్పా నేర్పింది?" అని ముందు అడిగేది ఆయన గురించే కదా.

ఇప్పుడు కీబోర్డులొచ్చాయి. ఒక బొత్తాం నొక్కితే శృతి మారిపోతుంది, వేళ్ళు తెల్లమెట్లు దిగక్కర్లేదు. కృష్ణులెంతమందైనా ఒకటే. అందులో తయారుగా ఉండే తాళాలు మాత్రం పద్యానికి పనికిరావు. పద్యానికి తాళం ఉండదు, వేషగాడి ఊపిరే కొలత. అందుకని కుర్ర మాస్టర్లు భజనకి ఆ తాళం పెట్టుకుంటారు, పద్యం ఎత్తుకునేముందు ఆపేస్తారు.