మోగకముందే గర్రుమనేది!

రేడియోలో ప్రాంతీయ వార్తలు వస్తుంటాయి. ఉన్నట్టుండి ‘టకటక... గర్ర్...’మంటూ ఒకటే గోల. ‘ఫోనొస్తోందిరా, చూడు’ అని వరండాలోంచి తాతగారి కేక. మరుక్షణం నిజంగానే ఫోను మోగేది! 2000 తర్వాత కృష్ణా డెల్టాలో కొత్తగా సెల్‌ఫోను కొన్న ఇళ్లలో ఇదో ముచ్చట.

ఇంతకీ ఏమిటా గోల? కాలువ చివరి రైతులకైతే ఇట్టే అర్థమవుతుంది. నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతారు. మన వంతుకు తూము దగ్గర లేకపోతే అంతే సంగతులు. జీఎస్ఎం ఫోన్లదీ అదే పద్ధతి. ఒకే తరంగాన్ని ఎనిమిది ఫోన్లు పంచుకోవాలి. ఒక్కోదానికి దక్కేది 577 మైక్రోసెకన్లు... సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క కూడా కాదు! మాట్లాడుతున్నంతసేపూ ఆ వంతు సెకనుకు సుమారు 217 సార్లు వస్తుంది. మోగేముందు టవరుతో జరిపే మంతనాలూ అలా విడతలు విడతలుగానే. రేడియో పసిగట్టింది వాటినే. (రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లలో ఈ వంతులూ లేవు, ఈ గోలా లేదు.)

కాలువ మీద లస్కరులా, వంతు తప్పకుండా లోపల కాపు కాసేది రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటరు ఆలస్యం చేస్తే విసుక్కుని ఊరుకుంటాం. ఫోను ఆలస్యం చేస్తే మాటే తెగిపోతుంది. అందుకే దానికి వేగం కన్నా వేళ ముఖ్యం. పాము ఆట ఎంత రంజుగా ఉన్నా, కాల్ వస్తే పక్కకు తప్పుకోవాల్సిందే.

2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. రాత్రిళ్లు మోటారు వేయడానికి చేనుకెళ్లేవారికి దాని టార్చి ఎంత ఆసరానో! దుమ్ముకు చెడదని, కిందపడినా పగలదని అందరూ దాని ఒంటినే మెచ్చుకున్నారు. లోపలి లస్కరు ఊసెత్తినవారు లేరు. లోపలి పరీక్షలో తేడా వచ్చి, నోకియా తెరమీద ‘కాంటాక్ట్ సర్వీస్’ అని పడినప్పుడే గుండె గుభేల్‌మనేది. విజయవాడ బస్సెక్కి రిపేరు కొట్టుకెళ్తే, ‘సాఫ్ట్‌వేర్ వెయ్యాలండీ’ అనేవాడు కుర్రాడు. ఫోను బతికేది గానీ, సిమ్‌లో కాకుండా ఫోన్లో దాచుకున్న నంబర్లు ఒక్కోసారి ఎగిరిపోయేవి. అమెరికాలోని కొడుకు నంబరు పోయిందా... మళ్లీ అతనే చేసేదాకా ఎదురుచూపులే.

ఇప్పటి ఫోన్లలో ఆండ్రాయిడ్ ఉంటుందని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ టవరుతో లెక్కలు చూసుకునేది అది కాదు. మోడెమ్ అనే వేరే విభాగంలో ఇప్పటికీ రియల్‌టైమ్ సాఫ్ట్‌వేరే పనిచేస్తోంది. తెర బిగుసుకుపోయి, ఎంత నొక్కినా కదలని సమయంలోనూ అది టవరుకు హాజరు పలుకుతూనే ఉంటుంది.