దూది పుల్ల చెప్పిన సంగతి

మా చిన్నోడికి పదిహేనేళ్లప్పుడు ఒక్కసారిగా పెయ్యంతా పొక్కులు లేచాయి. ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎర్రబడ్డ తోలు మీద ఆవగింజలంత చీము పొక్కులు. దేవరుప్పులలో మా వాడకట్టంతా ఒకటే మాట... "తల్లి పోసింది". ఏపమండలు పరిచి పడుకోబెట్టాను. కొన్నాళ్లకు పొట్టు రాలి తగ్గింది. రెండు నెలలకు మళ్లీ లేచాయి. తల్లి రెండోసారి పోస్తుందా?

ఊళ్లో ఒకాయన సూదులు వేశాడు. వేసినప్పుడల్లా తగ్గేది, ఆపగానే రెండింతలయ్యేది. అవి స్టెరాయిడ్లని, ఉన్నట్టుండి ఆపితే ఈ జబ్బు భగ్గుమంటుందని తర్వాత తెలిసింది. బడిలో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. "ఏ పాపం మూటగట్టుకున్నమో" అని అత్తమ్మ నావైపే చూసేది.

ఒక ఆసుపత్రిలో తోలు ముక్క కోసి కుట్లు వేశారు. ఆ పుండు మానడానికి నెల పట్టింది. అందుకే జనగామలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లినప్పుడు, కొత్త డాక్టరమ్మను చూడగానే వాడు గోడకు అతుక్కుపోయాడు. "కోసేది లేదు బిడ్డా, నోరు తెరువు" అని ఆమె బుగ్గ లోపల దూది పుల్ల తిప్పింది. జన్యువులో పుట్టుకతో వచ్చిన తేడా ఉంటే ఆ కణాల్లోనే దొరుకుతుందట. పరిశోధన కోసమని గుండ్రటి టేపు ముక్కలు తోలు మీద అతికించి పీకింది. పైపొర కణాలు దానికి అంటుకుని వస్తాయి. అక్కడ ఏ జన్యువులు ఎక్కువ పనిచేస్తున్నాయో వాటిలో చూస్తారు. మావాడు "గింతేనా?" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

జబ్బు పేరు జనరలైజ్డ్ పస్ట్యులర్ సోరియాసిస్. ఆ పొక్కుల్లో చీము ఉన్నా క్రిములుండవు, ఎవరికీ అంటదు. ఒంట్లో మంటను రేపే ఒక సంకేతానికి బ్రేకు వేసే జన్యువు ఉంది. దాని పేరు ఐఎల్36ఆర్ఎన్. కొందరిలో ఆ బ్రేకు పనిచేయదు. ఈ సంగతి 2011లో ట్యునీషియాలోని 9 కుటుంబాలను పరిశీలించినప్పుడు బయటపడింది. ఆ సంకేతాన్ని అడ్డుకునే స్పెసోలిమాబ్ అనే మందుకు 2022లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఈ జబ్బున్న అందరిలోనూ ఆ జన్యువులోనే లోపం ఉండదు. మావాడిలో మాత్రం రెండు ప్రతుల్లోనూ ఉంది.

"మీరిద్దరూ ఏమవుతారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మేనబావ" అన్నాను.

లోపమున్న ప్రతి ఒకటి నాలో, ఒకటి మా ఆయనలో ఉంది. ఒక్కటే కాబట్టి మాకేం కాలేదు. మాలాంటి జంటకు ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండూ వచ్చే అవకాశం ఉంటుందట. ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. "అయితే నీ పాపం కాదన్నట్టు" అంది మెల్లగా. ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు ఎదురుచూశాను.

కానీ ఇంకో ముడి మిగిలింది. మా బిడ్డను అన్న కొడుక్కు ఇస్తామని చిన్నప్పుడే అనుకున్నాం. ఆ లోపం వాళ్లిద్దరిలోనూ ఉండొచ్చు. "జాతకాలు చూపిస్తరు గదమ్మా, గిది చూపించుకుంటే తప్పేంది?" అంది బిడ్డ. అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "మా రక్తానికి వంక పెడతవా చెల్లే" అని పెట్టేశాడు. ఈసారి బతుకమ్మకు నన్ను తోలుకపోవడానికి రాలేదు. సద్దుల నాడు పేర్చిన బతుకమ్మ ముందు కూర్చుంటే ఏడుపాగలేదు.

పండుగ వెళ్లిన నాలుగో రోజు అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తా, ఆ దూది పుల్ల పరీక్ష ఏడ జేస్తరు? నాయినకు చెప్పకు."

సోమవారం పొద్దుటి రైలుకు ముగ్గురం పోతున్నాం. ఫలితం ఏమొస్తుందో తెలియదు. ఏదొచ్చినా, ఈసారి ముందే తెలుస్తుంది.