వీడియో, విద్య: రెండింటికీ వేరు ఒకటే



పిల్లలు రోజూ అనే ‘వీడియో’ మాట లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ‘చూస్తున్నాను’. మన ‘విద్య’ సంస్కృత ‘విద్’ ధాతువు నుంచి వచ్చింది. దాని అర్థం ‘తెలుసుకొను’. ఈ రెండూ ఒకే వేరు నుంచి పుట్టాయని భాషావేత్తల మాట. సంస్కృతం, లాటిన్‌ల మూలం ఒకటేనని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సూచించారు.

“మాకు ఇంగ్లీషు రాదు, బిడ్డకేం చెప్పగలం?” అని కుందుర్పిలో కొందరు తల్లులు అడుగుతుంటారు. పిడికెడు తడిమట్టి పట్టి చూసి, వేరుశనగ విత్తాలో వద్దో చెప్పగలవారు మీరు. చూసి తెలుసుకోవడమంటే అదే.

ఫోన్‌లో పాఠం చూసిన బిడ్డను రాత్రి తెలుగులోనే అడగండి: “ఏం చూసినావు? ఏం తెలిసింది?” చెప్పలేకపోతే, పక్కన కూర్చుని మళ్లీ చూపించండి.