టవర్ లేని ఫోన్ కంపెనీల వీధి

లండన్ అనగానే బిగ్‌బెన్, థేమ్స్ నది, ఎర్ర బస్సులు గుర్తొస్తాయి. అదే నగరంలో సాంబారు ఘుమఘుమలు పలకరించే వీధి ఒకటుంది. టవర్ హిల్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి తూర్పువైపు దాదాపు 20 నిమిషాలు వెళితే ఈస్ట్‌హామ్ వస్తుంది. స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే హైస్ట్రీట్ నార్త్. ఒకచోట దోసెల హోటల్, ఇంకొంచెం ముందుకెళితే మహాలక్ష్మి గుడి. కిరాణా కొట్లలో మునక్కాయలు, కరివేపాకు, పచ్చళ్ల సీసాలు. వాటితోపాటే కౌంటర్ దగ్గర సిమ్‌కార్డులు!

ఉప్పూపప్పూ అమ్మే చోట సిమ్‌కార్డులకేం పని? ఈ వీధికి వచ్చేవారిలో కొత్తగా దేశంలో అడుగుపెట్టినవారు ఎక్కువ. చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థులూ వారిలో ఉంటారు. నెలనెలా బిల్లు కట్టే కనెక్షన్ కావాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి, అప్పు చెల్లించే స్తోమత ఎంతో కంపెనీ చూస్తుంది. నిన్న విమానం దిగిన కుర్రాడి దగ్గర అవెక్కడివి? ప్రీపెయిడ్ సిమ్‌కు ఆ బాధ లేదు. మన దగ్గరలా గుర్తింపు పత్రం చూపించాలన్న నిబంధన కూడా బ్రిటన్‌లో లేదు. డబ్బిచ్చి కొనుక్కోవడమే.

అక్కడ ఎక్కువగా కనిపించే పేర్లు లైకా, లెబారా. వీటికి సొంత టవర్లు లేవు. పెద్ద కంపెనీ దగ్గర నిమిషాలు, డేటా టోకున కొని, తమ పేరుతో చిల్లరగా అమ్ముతాయి. లెబారా వొడాఫోన్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. చాలాకాలం ఓ2 మీద నడిచిన లైకా 2023లో ఈఈకి మారింది.

ఈ పద్ధతికి బాట వేసింది బ్రిటనే. 1999లో వర్జిన్ మొబైల్ మరో కంపెనీ నెట్‌వర్క్ మీద మొదలై విజయం సాధించింది. అదే పేరు 2008లో టాటా నెట్‌వర్క్ మీద మన దేశానికీ వచ్చింది. ఫోన్ వస్తే నిమిషానికి పది పైసలు ఎదురిస్తామని ఊరించిన కంపెనీ అదే!

లైకా, లెబారాలను మొదలుపెట్టింది శ్రీలంక తమిళులు. 1983 తర్వాత అంతర్యుద్ధం తరిమితే వేలమంది తమిళులు లండన్ చేరారు. ఇంటికి ఫోన్ చేయడమంటే ఎంత బెంగో, ఎంత ఖర్చో వారికి తెలుసు. లియోన్, బాస్కరన్, రతీశన్ అనే ముగ్గురు 2001లో పెట్టిన సంస్థే లెబారా. వారి పేర్ల తొలి అక్షరాలే ఆ పేరు. లైకాను 2006లో సుభాస్కరన్ అల్లిరాజా స్థాపించారు. రజనీకాంత్ ‘2.0’ తీసింది ఆయనే. స్వదేశానికి చౌకగా మాట్లాడుకోవచ్చన్నదే ఈ సంస్థల ఆకర్షణ. గీకి నంబరు చూసుకుని, అంకెల మీద అంకెలు నొక్కే కాలింగ్ కార్డుల అవస్థ వీటితో తగ్గింది.

అద్దె కొంపలో ఉంటే ఇబ్బందులూ ఉంటాయి. ఇంటి కప్పు కారితే అద్దెకున్నవారూ తడుస్తారు కదా! 2018 డిసెంబరు 6న అదే జరిగింది. ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ధ్రువపత్రం గడువు తీరిపోయి ఓ2 డేటా సేవలు ఆగిపోయాయి. ఆ నెట్‌వర్క్ మీద ఆధారపడ్డ టెస్కో మొబైల్, గిఫ్‌గాఫ్, లైకా వినియోగదారులకూ డేటా అందలేదు. లండన్ బస్టాపుల్లో ‘బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుంది’ అని చూపే బోర్డులూ పనిచేయలేదు.

ఇప్పుడు అమ్మతో మాట్లాడటానికి వాట్సాప్ ఉంది. నిమిషాల లెక్క పోయి జీబీల లెక్క వచ్చింది. అయినా కౌంటర్ దగ్గర సిమ్‌కార్డులు అలాగే ఉన్నాయి. ఎందుకంటే గది వెతుక్కోవాలన్నా, పార్ట్‌టైమ్ పని దొరకాలన్నా ముందు చేతిలో ఒక నంబరు ఉండాలి. ఆ కార్డుకు సొంత టవర్ లేదు, కొన్న కుర్రాడికి సొంత గదీ లేదు. ఇద్దరిదీ అద్దె బతుకే. కానీ రాత్రి భోజనం వేళ ‘తిన్నావా నాన్నా?’ అని అడిగే గొంతు మాత్రం అచ్చంగా అతని సొంతం.