పరగడుపు అంటే ఎన్ని గంటలు?

ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం చుట్టూ ఎదిగిన గరివిడిలో షిఫ్టును బట్టి నిద్రపోయే ఇళ్ళున్నాయి, తెల్లారకముందే పొలానికి కదిలే ఇళ్ళూ ఉన్నాయి. షుగర్ పరీక్షకు వెళ్తే అందరికీ చెప్పే మాట ఒకటే: పరగడుపున రండి. ఆ మాటకు మనం పొద్దున్నే అని అర్థం చెప్పుకుంటాం. నిజానికి అది గడియారం చూసి లెక్కపెట్టవలసిన మాట. కనీసం ఎనిమిది గంటలు మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. రాత్రి షిఫ్టులో నాలుగు గంటలకు టీ తాగిన మనిషి ఏడింటికి రక్తమిస్తే అది పరగడుపు కాదు. గ్లాసుడు చోడి అంబలీ తిండే. పైగా నిద్రలేని రాత్రి కూడా చక్కెరను పెంచగలదు. కాబట్టి షిఫ్టు వాళ్ళు సెలవు దొరికి కంటినిండా నిద్రపోయిన మర్నాడు వెళ్ళడం మేలు. ఇంకా మంచి అంకె వస్తుందని పూటలకు పూటలు కడుపు మాడ్చుకోవడమూ తప్పే. ఆకలి ముదిరితే కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది.

ఇంతకంటే పెద్ద పొరపాటు ముందు మూడు రోజుల్లోనే జరిగిపోతుంది. పరీక్ష ఉందని అన్నం తగ్గించి, తీపి మానేసి, ఎన్నడూ లేని నడక మొదలుపెడతాం. పరగడుపు చక్కెర డెసీలీటరుకు 100 మిల్లీగ్రాములు చేరితే జాగ్రత్తపడాలి, 126 చేరితే మధుమేహమని అనుమానించి మరోసారి చూస్తారు. ఈ గీతల దగ్గర ఉన్నవాళ్ళకు ఆ మూడు రోజుల పథ్యమే జబ్బును దాచిపెట్టవచ్చు. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలో దెబ్బ ఎదురుతిరుగుతుంది: ముందు రోజుల్లో అన్నం బాగా తగ్గిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. భోజనం తర్వాతి పరీక్షకూ రోజూ తినేదే తినాలి. రెండు గంటలు లెక్కపెట్టవలసింది చెయ్యి కడిగాక కాదు, మొదటి ముద్ద నుంచి.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉండగా ఈ నియమాలన్నీ ఎందుకంటారు కొందరు. దానికి పరగడుపు అక్కర్లేదన్నది నిజమే. కానీ అది ఎర్ర రక్తకణాల మీద ఆధారపడిన లెక్క. ఇనుము లోపించి రక్తం తక్కువైనవాళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. రక్తహీనత మన ఆడవాళ్ళలో ఎంత మామూలో తెలిసిందే కదా! అందుకే రెండూ కలిపి చూడాలి. ఇప్పటికే మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు ఏది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే అడగాలి, సొంతంగా మానకూడదు. రక్తమిచ్చేటప్పుడు చివరిసారి ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో చెప్పి చీటీ మీద రాయించండి.